పిలిచింది పనికా, మాటకా? గ్రీకు "కలేయో" నుంచి పాశమైలారం గేటు దాకా

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క మాట గురించి. దాదాపు 2,700 ఏళ్లుగా జనం నోట్లో నానుతున్న గ్రీకు క్రియ అది. పేరు "కలేయో". అర్థం: పిలుచు. అంతే.

"గ్రీకు గ్రామర్ క్లాస్ పెట్టాడేంట్రా" అని పైకి తోసేయకండి. ఒక్కసారి మన సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు చూడండి. ఇక్కడ బతుకంతా పిలుపు మీదే నడుస్తది. కాంట్రాక్టర్ పిలిస్తే డ్యూటీ. కంపెనీ ఇంటర్వ్యూకి పిలిస్తే ఉద్యోగం. సర్కారు టెండర్లు పిలిస్తే రోడ్డు. యూనియన్ పిలుపునిస్తే బంద్. ఇన్ని పిలుపుల్లో "పనికి రా" అనేవి ఎన్ని? "వచ్చి నీ మాట చెప్పు" అనేవి ఎన్ని? ఈ లెక్క తేల్చుకోవడానికి ఆ పాత గ్రీకు మాట మనకు బాగా పనికొస్తది. ఎట్లనో చూద్దాం.

కాల్, కలేయో చుట్టాలేనా?

ముందు అందరికీ వచ్చే డౌట్. ఇంగ్లిష్ "కాల్", గ్రీకు "కలేయో" ఒకేలా వినిపిస్తాయి కదా, ఒకటేనా? కాదు. ఇంగ్లిష్ "కాల్" ఉత్తర యూరప్‌లోని పాత నార్స్ భాష నుంచి వచ్చిందని భాషా పండితులు చెప్తారు. పోలిక ఉంది, రక్త సంబంధం లేదు.

అసలు చుట్టాలు వేరే ఉన్నాయి. మీ ఫోన్లో ఉన్న "క్యాలెండర్" అందులో ఒకటి. రోమ్‌లో పాతకాలంలో ప్రతి నెల మొదటి రోజున పూజారులు నిలబడి ఆ నెల ముఖ్యమైన తేదీ ఎప్పుడు పడుతుందో గట్టిగా చాటేవాళ్లు. లాటిన్‌లో చాటడానికి "కలారే" అనే మాట ఉండేది. అది గ్రీకు కలేయోకి చెల్లెలి లాంటిది. చాటిన రోజు కాబట్టి ఒకటో తారీకుకి "కలెండే" అని పేరు పడింది. అప్పుల మీద వడ్డీ కట్టాల్సింది కూడా ఆ రోజే. అందుకే వడ్డీ లెక్కల పుస్తకాన్ని "కలెండారియుమ్" అన్నారు. అంటే క్యాలెండర్ పుట్టిందే ఈఎంఐ డేట్ గుర్తు చేయడానికి! "కౌన్సిల్" అనే మాట కూడా ఈ కుటుంబానిదే. కలిసి రమ్మని పిలిస్తే చేరిన గుంపు అన్నమాట. మన మున్సిపల్ కౌన్సిల్ పేరులోనే ఒక పిలుపు ఉంది.

ఒక్క మాట, ఎన్ని పనులు!

ఇప్పుడు గ్రీకులు ఈ క్రియని ఎలా వాడారో చూడండి. చూస్తూ చూస్తూ మన తెలుగు "పిలుచు" పక్కన పెట్టి పోల్చండి.

ఒకటి, గొంతెత్తి పిలవడం. ఇది అందరికీ తెలిసిందే.

రెండు, విందుకి పిలవడం. పిలవకుండా వచ్చినవాణ్ని "అక్లేటోస్" అనేవాళ్లు. ప్లేటో రాసిన "సింపోజియం" అనే పుస్తకంలో అరిస్టోడెమస్ అనే ఆయన ఇలాగే పిలుపు లేకుండా ఒక విందుకి వెళ్లి మొహమాటపడతాడు. మన పిలవని పేరంటమే కదా ఇది.

మూడు, పేరు పెట్టి పిలవడం. "ఈ ఊరిని ఇలా పిలుస్తారు" అంటాం చూడండి, అది. ఇక్కడ ఒక అందమైన విషయం ఉంది. హోమర్ కావ్యాల్లో "పిలవబడు" అనే రూపం చాలాచోట్ల "అయి ఉండు" అనే అర్థంలో వస్తుంది. ఫలానా ఆయన భార్యగా పిలవబడటం అంటే, ఆయన భార్య అయి ఉండటం. అంటే పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉంటేనే మనిషి ఉన్నట్టు. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ కావాలి.

నాలుగు, దేవుణ్ని పిలవడం. "దేవుడా" అని మొరపెట్టుకోవడం.

ఐదు, కోర్టుకి పిలవడం. దీని గురించి కాస్త ఎక్కువ మాట్లాడుకోవాలి.

ఈ క్రియకి ముందు చిన్న ముక్క తగిలిస్తే ఇంకా బోలెడు అర్థాలు. "ఎంకలేయో" అంటే నేరం మోపడం, ఫిర్యాదు చేయడం. "పరకలేయో" అంటే పక్కకి రమ్మని పిలవడం, బతిమాలడం, ధైర్యం చెప్పడం. ఇప్పటి గ్రీసులో "పరకలో" అంటే "ప్లీజ్". అక్కడ చాలామంది ఫోన్ ఎత్తగానే హలోకి బదులు అదే అంటారు. కాపాడమని పక్కకి పిలిపించుకున్న మనిషి "పరాక్లేటోస్". లాటిన్ వాళ్లు ఇదే ఆలోచనతో కట్టుకున్న మాట "అడ్వొకాటుస్", అదే మన "అడ్వకేట్". లాయర్ అంటే, అసలు అర్థంలో, కష్టం వచ్చినప్పుడు పక్కన నిలబడమని మనం పిలుచుకున్న మనిషి.

పిలుపు అందిందా లేదా?

ఏథెన్స్‌లో ఎవరి మీదైనా కేసు వేయాలంటే సమన్లు పట్టుకుని పోయే ప్రభుత్వ ఉద్యోగి ఉండడు. కేసు వేసేవాడే స్వయంగా అవతలి వాడి దగ్గరికి పోయి, "ఫలానా రోజు ఫలానా అధికారి ముందుకి రా" అని నోటితో పిలవాలి. పిలిచినట్టు సాక్షులు కావాలి. ఆ సాక్షిని "క్లేటేర్" అంటారు. ఇదీ కలేయో నుంచి వచ్చిన మాటే. ఎందుకు ఇంత హడావిడి? ఎందుకంటే పిలిచేవాడు పిలిచానంటే సరిపోదు. అవతలి వాడికి చేరిందని రుజువు ఉండాలి.

నేను బీటెక్ చేసి, కొన్నేళ్లు కోడ్ రాసినవాణ్ని కాబట్టి నాకు ఇది వెంటనే ఎక్కింది. ఫంక్షన్ కాల్ చేసినప్పుడు కూడా అంతే. కాల్ చేశామా అన్నది సగం విషయం. అవతలి నుంచి రెస్పాన్స్ వచ్చిందా అన్నది మిగతా సగం.

ఈ గొడవ ఇప్పటికీ తీరలేదు. కోవిడ్ టైమ్‌లో, 2020 జూలైలో, కోర్టు సమన్లు ఈమెయిల్‌తో, వాట్సాప్ లాంటి యాప్‌లతో పంపొచ్చని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కానీ 2025 జనవరిలో అదే సుప్రీంకోర్టు, విచారణకి రమ్మని పోలీసులు ఇచ్చే నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని చెప్పింది. బ్లూ టిక్ చాలదు, మనిషి స్వేచ్ఛకి సంబంధించిన పిలుపు చట్టం చెప్పిన దారిలోనే మనిషికి చేరాలి అని దాని సారం.

ఇంకో తమాషా చూడండి. గ్రీసులో ఇప్పుడు ఫోన్ కాల్‌ని "క్లీసి" అంటారు. పోలీసులు రాసే ట్రాఫిక్ చలానాని కూడా "క్లీసి" అనే అంటారు. మిస్డ్ కాల్, చలానా, రెండిటికీ ఒకటే మాట!

మాట్లాడటానికి పిలుపు

ఇక అసలు సంగతి. కలేయో నుంచి పుట్టిన వాటిల్లో చరిత్రని కదిలించిన మాట ఒకటుంది: "ఎక్లేసియా". విడదీస్తే "బయటికి పిలవడం" అని వస్తది. ఏథెన్స్‌లో పౌరులందరి సభకి ఇది పేరు. యుద్ధం చేయాలా వద్దా, పన్ను ఎంత, ఎవరిని సేనాపతి చేయాలి, అన్నీ ఈ సభలోనే. తర్వాత క్రైస్తవులు తమ సమాజానికి ఇదే మాట తీసుకున్నారు. తెలుగు బైబిల్లో దాన్ని "సంఘము" అన్నారు. కార్మిక సంఘం, మహిళా సంఘం అంటాం చూడండి, అదే సంఘం.

ఏథెన్స్‌లో ఈ సభ క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఏడాదికి దాదాపు 40 సార్లు జరిగేది. నిక్స్ అనే గుట్ట మీద కూర్చునేవాళ్లు. ఎజెండా ముందుగానే రాసి పెట్టేవాళ్లు. కొన్ని పెద్ద నిర్ణయాలకి 6,000 మంది ఉండి తీరాలి. అత్యవసరంగా ప్రత్యేకంగా పిలిస్తే ఆ సభని "సుంక్లేటోస్" అన్నారు, అందులోనూ మన కలేయో ఉంది. సభ మొదలవగానే చాటింపు వేసేవాడు లేచి, ఎవరు మాట్లాడతారని అందరినీ అడిగేవాడు. వ్యాపారస్తుడైనా, చెప్పులు కుట్టేవాడైనా, పౌరుడైతే లేచి మాట్లాడొచ్చు.

మరి జనం వచ్చేవాళ్లా? అంత ఈజీ కాదు. అరిస్టోఫేన్స్ క్రీ.పూ. 425లో వేసిన ఒక కామెడీ నాటకంలో సీన్ ఉంది. సభకి టైమ్ అయినా జనం బజారులో కబుర్లు చెప్పుకుంటూ, ఎర్ర రంగు పూసిన తాడుతో తమని తోలుకుపోతుంటే తప్పించుకుంటుంటారు. తాడు తగిలితే బట్టలకి రంగు అంటుతది, దొరికిపోతారు!

కానీ అసలు సమస్య బద్ధకం ఒక్కటే కాదు. రోజు కూలీ చేసుకునేవాడు సభకి వస్తే ఆ రోజు కూలి పోతది. ఏథెన్స్ వాళ్లు ఇది గుర్తించారు. క్రీ.పూ. 4వ శతాబ్దం మొదట్లో సభకి వచ్చినందుకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టారు. మొదట ఒక ఓబోల్, తర్వాత మూడు ఓబోల్‌లు. పేదవాడు కూడా వచ్చి మాట్లాడాలంటే పిలుపుతో పాటు ఆ రోజు కూలి కూడా చూడాలని 2,400 ఏళ్ల కిందటే వాళ్లకి అర్థమైంది. ఈ పాయింట్ కూడా దాచుకోండి.

అలా అని ఏథెన్స్‌ని నెత్తిన పెట్టుకోవద్దు. ఈ పిలుపు అందరికీ లేదు. ఆడవాళ్లకి లేదు. బానిసలకి లేదు. ఇంకో గుంపు ఉంది, "మెటిక్"లు. వేరే ఊళ్ల నుంచి వచ్చి ఏథెన్స్‌లో పని చేసుకునేవాళ్లు. కుండలు చేసేవాళ్లు, వ్యాపారం చేసేవాళ్లు, ప్రత్యేకంగా తల పన్ను కట్టేవాళ్లు, యుద్ధం వస్తే సైన్యంలో కూడా పోయేవాళ్లు. కానీ సభలో వాళ్లకి చోటు లేదు. పనికి పిలుపు ఉంది, మాటకి పిలుపు లేదు.

జోగిపేట, 1930

ఇప్పుడు గ్రీసు నుంచి మన జిల్లాకి వద్దాం. సంగారెడ్డి జిల్లాలోనే జోగిపేట ఉంది. అక్కడ కూడా ఇలాంటి ఒక పిలుపు చరిత్రలో నిలిచింది.

కథ హైదరాబాద్‌లో మొదలైంది. 1921 నవంబర్‌లో వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. అక్కడ ఉపన్యాసాలన్నీ ఇంగ్లిష్, ఉర్దూ, మరాఠీల్లో సాగుతున్నాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే లాయర్ లేచి తెలుగులో మొదలుపెట్టారు. అంతే, గోల, ఎగతాళి. మాట్లాడనివ్వలేదు. పిలుపైతే అందరికీ ఉంది, మన భాషలో మాట్లాడే చోటు మాత్రం లేదు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. మళ్లీ చూడండి, "సంఘం". మాడపాటి హనుమంతరావు లాంటివాళ్లు దాన్ని నిలబెట్టారు.

ఆ పనే పెరిగి పెరిగి 1930 మార్చిలో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ అయింది. అధ్యక్షుడు గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి. నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. "గస్తీ నిషాన్ 53" అనే ఉత్తర్వు ఉండేది. అంటే జనాన్ని పిలవాలంటే, పిలవడానికే పర్మిషన్! అలాంటి రోజుల్లో జోగిపేటలో తెలుగువాళ్లు తమ భాషలో, తమ సంగతులు మాట్లాడుకోవడానికి కూడారు. అక్కడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. ఏథెన్స్ ఎన్నడూ పిలవని ఆడవాళ్లని జోగిపేట మొదటి సభనాడే పిలిచింది. నాకైతే ఇది మన జిల్లా గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం అనిపిస్తది. తర్వాత రోజుల్లో తెలంగాణ పల్లెల్లో ఈ మహాసభని జనం ముద్దుగా "సంగం" అన్నారు. ఎక్లేసియాకి ఇంతకన్నా మంచి తెలుగు అనువాదం ఏముంటది?

బెల్టులో పిలుపు ఎవరికి?

జోగిపేట నుంచి పటాన్‌చెరు వైపు వస్తే ఫ్యాక్టరీలు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం. ఇక్కడ "మాటకి పిలుపు" అంటే చట్టంలో ఒక పేరుంది: ప్రజాభిప్రాయ సేకరణ. పెద్ద ఫ్యాక్టరీ వచ్చే ముందు చుట్టుపక్కల జనాన్ని పిలిచి, వాళ్ల మాట వినాలి. కేంద్ర ప్రభుత్వం 2006లో ఇచ్చిన పర్యావరణ నోటిఫికేషన్‌లో రూల్స్ ఉన్నాయి. కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన ఇవ్వాలి, అందులో ఒకటి స్థానిక భాష పేపర్ అయి ఉండాలి. సభని వీడియో తీయాలి. జనం చెప్పింది స్థానిక భాషలో రాయాలి. వినడానికి బాగుంది కదా?

ఇప్పుడు ఏథెన్స్ పక్కన పెట్టి చూడండి. అక్కడ పెద్ద నిర్ణయానికి 6,000 మంది ఉండాలి. ఇక్కడ సభ మొదలుపెట్టడానికి ఇంతమంది ఉండాలనే కోరం అక్కర్లేదని అదే నోటిఫికేషన్ చెప్తుంది. అక్కడ వచ్చినవాడికి కూలి డబ్బులు. ఇక్కడ షిఫ్ట్ వదిలి వస్తే డ్యూటీ కట్. ఇంకోటి, ఆమోదం పొందిన ఇండస్ట్రియల్ ఎస్టేట్ల లోపల వచ్చే ప్రాజెక్టులకి ఈ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే ఫ్యాక్టరీలు ఎక్కడ గుంపుగా ఉంటాయో, సరిగ్గా అక్కడే ఈ పిలుపు లేకపోవచ్చు. కోడ్ భాషలో చెప్పాలంటే, సభ పెట్టినా అది వాయిడ్ ఫంక్షన్ లాంటిది. కాల్ అవుతది, రన్ అవుతది, జనం కోరుకున్న రిటర్న్ వస్తదన్న గ్యారంటీ లేదు.

పిలవకపోతే జనం ఏం చేశారు? వాళ్లే పిలిచారు. నక్కవాగు నీళ్లు ఫ్యాక్టరీల వ్యర్థాలతో పాడై, పొలాలు, బోర్లు చెడిపోతే, 1990లో పటాన్‌చెరు కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. పటాన్‌చెరు డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు దశాబ్దాలు దాని వెంట నిలబడ్డారు. దీన్ని మనం "పిల్" అంటాం, ప్రజా ప్రయోజన వ్యాజ్యం. గ్రీకువాళ్లయితే "ఎంకలేయో" అనేవాళ్లు. తప్పు చేసినవాణ్ని జవాబు చెప్పమని పిలవడం. పిలుపు ఎప్పుడూ పైనుంచి కిందికే రావాలని లేదు. కింద నుంచి పైకి కూడా పిలవొచ్చు.

పేరు పెట్టి పిలిచేదెవరు?

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇప్పుడు తీయండి. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉంటేనే మనిషి ఉన్నట్టు.

2025 జూన్ 30. పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు. 40 మందికి పైగా చనిపోయారు. చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు. రోజురోజుకీ లెక్క పెరుగుతూ పోయింది. శరీరాలు గుర్తుపట్టలేని స్థితి, డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కొందరి ఆనవాళ్లు అసలు దొరకలేదు. వాళ్ల కోసం వచ్చినవాళ్లకి కావాల్సింది ఒక్కటే, ఎవరో ఒకరు ఆ పేరు పిలిచి, ఉన్నాడో లేడో చెప్పడం.

పేరు ఎంత ముఖ్యమో చట్టానికి తెలియక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం, కార్మికుడి పేరు రిజిస్టర్‌లో ఎక్కకుండా పనిలో పెట్టొద్దంది. 1979లో వలస కార్మికుల కోసం వచ్చిన చట్టం, ఫొటో అతికించిన పాస్‌బుక్ ఇవ్వాలంది. అంటే "నువ్వు ఇక్కడ ఉన్నావు, నీ పేరు ఇది" అని కాగితం మీద పిలవడం. కానీ మన బెల్టులో పొద్దున్నే చౌరస్తాల్లో, గేట్ల దగ్గర ఎలా పిలుస్తారో మీకూ తెలుసు. "ఏ భయ్యా", "ఏ బిహారీ", "పది మంది హెల్పర్లు కావాలి". ఏథెన్స్ మెటిక్‌ల గతి ఇది. పని చేతులకి పిలుపు ఉంటది, పేరుకి ఉండదు, మాటకి అసలే ఉండదు. సేఫ్టీ మీటింగ్‌లో "ఈ మెషిన్ వేడెక్కుతోంది సార్" అని చెప్పాల్సింది ఆ మెషిన్ పక్కన నిలబడ్డ మనిషే. ఆ మనిషి పేరే తెలియకపోతే ఆ మాట ఎవరు అడుగుతారు?

కాబట్టి కలేయో చరిత్ర నుంచి నాకు అర్థమైంది ఇది. ఒక పిలుపు నిజంగా పిలుపు కావాలంటే మూడు ఉండాలి. అది మనిషికి చేరాలి, క్లేటేర్ సాక్షి లాగా. పేరుతో రావాలి. వచ్చినవాడికి నోరు విప్పే చోటు ఉండాలి, ఆ రోజు కూలి పోకుండా. ఈ మూడూ లేని పిలుపు ఉత్త సైరన్.

మీ ఊళ్లో గ్రామసభ ఎప్పుడు జరిగిందో ఒకసారి కనుక్కోండి. మీ నాన్న, అన్న, అక్క పని చేసే చోట వాళ్ల పేరు రిజిస్టర్‌లో ఉందో లేదో అడగండి. మీ షెడ్‌లో పక్కన పని చేసే ఒడిశా అన్న పేరు తెలియకపోతే, రేపు డ్యూటీకి పోగానే అడిగి తెలుసుకోండి, ఆ పేరుతోనే పిలవండి. కామెంట్లలో మీ ఊరు, మీ ఊళ్లో చివరిసారి ఏ పిలుపు వచ్చిందో రాయండి. నచ్చితే ఇంకొకరికి పంపండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అందరూ పైలం.